అప్ప వత్తాది

లాల్మతీ,
మారిషస్,
1919 జూలై

గుడ్‌ల్యాండ్స్‌లో ఉన్న రత్నమ్మక్కకి, తమ్ముడు కృష్ణస్వామి నమస్కారాలు.

ఈ ఉత్తరం తెచ్చిన కొండయ్య బండిలోంచి ఒక పిల్ల కూడా దిగుతుంది. కంగారు పడకు. ముందు పిల్లకి మంచినీళ్ళూ, కొండయ్యకి టీ ఇచ్చి, ఆ తరవాత ఇది చదువు. బావని కూడా లబుతిక్‌లోంచి పిలువు. ఒక్క గంట కొట్టు మూస్తే గుడ్‌ల్యాండ్స్ మునిగిపోదు.

ఆ మాయదారి జ్వరం మా వైపు ఇళ్ళకి ఇళ్ళు ఎలా ఊడ్చిపెట్టిందో నీకు తెలుసు. ఫ్లాక్ చుట్టుపక్కల చెరకు ఎస్టేట్ల కూలీల కాంపుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన మనవాళ్ళ పిల్లలున్నారు. వాళ్ళని మంచి ఇళ్ళలో ఉంచి, బాగోగులు చూడటానికి మా గుడి పెద్దలం ఒక కమిటీ పెట్టుకున్నాం. నాగయ్యగారు పెద్ద. నేను తిరిగేవాణ్ణి. అంటే ఆయన తలాడిస్తారు, నేను చెప్పులరగదీస్తాను. పొద్దున బడిలో అక్షరాలు దిద్దించడం, సాయంత్రం ఇళ్ళ చుట్టూ తిరగడం, మధ్యలో భజన. అన్నం తినే తీరిక కూడా ఉండటం లేదని నీ మరదలు వసంతి సణుగుతోంది.

ఈ పిల్ల పేరు పైడమ్మ. ఆరేళ్ళుంటాయేమో. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఆ ఇంట్లో ఈ పిల్ల తప్ప ఎవరూ మిగల్లేదని కాంపు సర్దారు చెప్పాడు. మా దగ్గరున్న నాలుగు రోజులూ నోరు విప్పలేదు, అడిగితే తల దించుకునేది.

కమిటీ షరతులు చెబుతున్నాను, విను. పిల్ల చేత కొట్లో చాకిరీ చేయించకూడదు. నేను గానీ నాగయ్యగారు గానీ చెప్పాపెట్టకుండా వచ్చి చూస్తాం. దీపావళి నాటికి పిల్ల మీ ఇంట్లో కుదురుకోకపోతే పోర్ట్‌లూయీలో కన్యాస్త్రీలు నడిపే అనాథాశ్రమానికి పంపెయ్యాలి. పిల్లలు లేని ఇల్లని నాగయ్యగారు ముందు అడ్డం చెప్పారు. "పెంచడం ఎరగనివాళ్ళకి ఇస్తే ఎలాగయ్యా?" అన్నారు. "నన్ను పెంచింది మా అక్కేనండీ" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అదే నా భయం" అన్నారు. అయినా ఒప్పుకున్నారు.

నీ తమ్ముడు,
కృష్ణస్వామి


గుడ్‌ల్యాండ్స్,
1919 ఆగస్టు

చిరంజీవి కృష్ణస్వామికి, అక్క ఆశీస్సులు.

నీకెలా దణ్ణం పెట్టాలో తెలియడం లేదురా. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నా గొంతు కాకుండా వినిపించింది మీ బావ దగ్గు ఒక్కటే. ఇప్పుడు చిన్న పాదాల చప్పుడు వినిపిస్తోంది. అది విన్నప్పుడల్లా నువ్వూ, వసంతీ నూరేళ్ళు చల్లగా ఉండాలని మొక్కుకుంటున్నాను.

కానీ నిజం చెప్పాలి కదా, పిల్ల కుదురుకోలేదు. పొద్దున లేస్తూనే వెళ్ళి కొట్టు గుమ్మంలో కూర్చుంటుంది. రోడ్డు మీద ఏ బండి వచ్చినా లేచి నిలబడుతుంది, అది వెళ్ళిపోతే మళ్ళీ కూర్చుంటుంది. అన్నం కలిపి నోటి దాకా తెస్తే మొహం తిప్పేసుకుంటుంది. మీ బావ కోతిలా గెంతాడు, బెల్లం ముక్క చూపించాడు, చివరికి కొట్లో ఉన్న రంగు రిబ్బన్లన్నీ తన మెడకే చుట్టుకున్నాడు. కొట్టుకి వచ్చినవాళ్ళు నవ్వారు గానీ పిల్ల నవ్వలేదు.

మొన్న మొదటిసారి నోరు విప్పింది. "అప్ప వత్తాది. అప్ప వచ్చినాక తింతాను" అంది. నా గుండె తరుక్కుపోయిందిరా. పక్కింటి తమిళవాళ్ళ పిల్లలు తండ్రిని అప్పా అంటారు కదా, వీళ్ళింట్లోనూ అలాగే పిలుచుకునేవారు కాబోలు. తండ్రి పోయాడని పాపం దానికి తెలియదు. ఇంకా వస్తాడని ఎదురు చూస్తోంది. దాని మాట కూడా నాకు వింతగానే ఉంది. ఏటి అంటుంది, నానొల్ల అంటుంది. తండ్రిని పట్టుకుని వత్తాది అంటుంది. నాయన నెల్లూరు మాటలూ, నీ బడి మాటలూ తప్ప నేనేం ఎరుగుదును? ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

అక్క,
రత్నమ్మ


లాల్మతీ,
1919 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం చదివి మనసు పాడైంది. అయితే పంతులుగా నాకు కోపమూ వచ్చింది. తండ్రి మహద్వాచకం. తండ్రి వస్తాడు. ఆవు వస్తుంది, దూడ వస్తుంది. తండ్రిని పట్టుకుని వత్తాది అనడమేమిటి? ఈ దీవి క్రెయోల్ భాషలో అతనన్నా, ఆమె అన్నా, అది అన్నా ఒకటే మాట, 'లీ'. కాంపుల్లో మన పిల్లలు ఆ భాషలో పుట్టి పెరిగి తెలుగులో కూడా ఆడా మగా తేడా మరిచిపోతున్నారని నేను సభల్లో మొత్తుకునేది ఇందుకే. పిల్లని కసరకు. మెల్లిగా 'అప్ప వస్తాడు' అనడం నేర్పించు.

అసలు సంగతికి వస్తాను. ఇంతమంది పిల్లల్ని చూశాక నాకు తెలిసిందేమిటంటే, పెద్దవాళ్ళు దాచిన కొద్దీ పిల్లలు ఎదురు చూస్తూనే ఉంటారు, అన్నం ముట్టరు. నిజం చెప్పేస్తే ఒక పూట గుండెలవిసేలా ఏడుస్తారు, తరవాత మన ఒళ్ళోకి వస్తారు. కాబట్టి ధైర్యం చేసి చెప్పు. దాని మాటలోనే చెప్పు, అప్పుడే దానికి అర్థమవుతుంది. 'మీ అప్ప చచ్చిపోయాడమ్మా, ఇంక రాడు' అని చెప్పి, దగ్గరికి తీసుకో.

నాగయ్యగారు అటువైపు వస్తానంటున్నారు. ఆ రోజు మాత్రం బావని రిబ్బన్లు చుట్టుకోవద్దని చెప్పు.

తమ్ముడు


గుడ్‌ల్యాండ్స్,
1919 సెప్టెంబరు

కృష్ణస్వామికి,

నువ్వు చెప్పమన్నావు, చెప్పాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

'మీ అప్ప చచ్చిపోయాడే తల్లీ' అన్నాను. ముందు అర్థం కానట్టు చూసింది. ఇంకోసారి చెప్పాను. అంతే, ఇల్లెగిరిపోయేలా అరిచింది. "అప్ప సావనేదు! అప్పని గాడీలో ఎక్కించినారు! అప్ప వత్తాది!" అని నా గుండెల మీద రెండు చేతులా కొట్టింది. తండ్రి శవాన్ని బండి ఎక్కించడం ఆ కళ్ళతో చూసిందన్నమాట, అయినా నమ్మలేకపోతోంది. నేను ఏడుస్తూనే 'వత్తాది కాదమ్మా' అని దిద్దబోయాను కూడా. నువ్వు నేర్పమన్నావు కదా! మన ఇద్దరిలో ఎవరికి బుద్ధి లేదో నాకే తెలియడం లేదు.

ఆ రోజు నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. బలవంతాన గంజి పోస్తే కక్కేసింది. గుమ్మంలోకి కూడా వెళ్ళడం లేదు, గోడ వైపు తిరిగి పడుకుంటోంది. సరిగ్గా అప్పుడే మీ నాగయ్యగారు దిగారు. పిల్లని చూశారు, నన్ను చూశారు. "ఇలా అయితే పిల్ల దక్కదమ్మా" అన్నారు. దీపావళి దాకా ఆగేది లేదట, నువ్వొచ్చి ఆశ్రమానికి తీసుకుపోతావట.

ఒరేయ్, నా కడుపున పుట్టలేదు, నిజమే. నన్నింకా అమ్మా అని కూడా పిలవలేదు. అయినా దాన్ని తీసుకుపోతే నేను బతకలేనురా. నాకు కొంచెం గడువిప్పించు.

అక్క


లాల్మతీ,
1919 సెప్టెంబరు

అక్కా,

నాగయ్యగారి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన చెడ్డవాడు కాదు, పిల్ల ప్రాణం మీదికి వచ్చిందని ఆయన భయం. వచ్చే ఆదివారం దాటాక నేను రావాలి. అప్పటికి పిల్ల అన్నం తింటే మీ దగ్గరే ఉంటుంది. తినకపోతే నా వెంట పోర్ట్‌లూయీకి వస్తుంది. తీసుకుపోయేది నేనే అయినందుకు నన్ను తిట్టుకో, పడతాను. చెప్పమన్నదీ నేనే కదా.

తమ్ముడు


గుడ్‌ల్యాండ్స్,
1919 సెప్టెంబరు

ఒరేయ్ పంతులూ,

రావద్దు! పోర్ట్‌లూయీ లేదు, ఏమీ లేదు. ఈ ఉత్తరం చదవగానే చెప్పులేసుకుని ఫ్లాక్‌కి పరిగెత్తు. ఎందుకో చెబుతున్నాను, గబగబా రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కో.

నిన్న సాయంత్రం పిల్లకి గాలి తగులుతుందని ఎత్తుకుని వెళ్ళి గుమ్మంలో కూర్చోబెట్టాను. పక్కింటి పొన్నుస్వామి పొలం నుంచి వచ్చాడు. వాళ్ళ పిల్లలు "అప్పా! అప్పా!" అంటూ ఎదురెళ్ళి కాళ్ళకి చుట్టుకున్నారు. మా పైడమ్మ ఆ గుబురు మీసాలాయన వంక చూసింది, పిల్లల వంక చూసింది. చూసి, ఒక్కసారి కిసుక్కున నవ్విందిరా! ఈ ఇంటికి వచ్చాక మొదటి నవ్వు!

"ఆడు మగోడు కదా! మగోణ్ణి పట్టుకుని అప్ప అంతన్నారేటి!" అంది.

దాని పక్కన చతికిలబడ్డాను. "మరి అప్ప అంటే ఎవరే తల్లీ?" అని అడిగాను.

"అప్పంటే అప్పే. నాకంటే పెద్దది. నన్ను సంకనేసుకుని తిప్పుతాది."

"మీ అమ్మా?"

"అమ్మ సచ్చిపోనాది. నాన్నా సచ్చిపోనాడు." ఎంత మామూలుగా చెప్పిందనుకున్నావు! "అప్పకి జొరమొచ్చినాది. గాడీలో ఆస్పత్రికి ఎత్తుకుపోనారు. వత్తానని సెప్పినాది."

అక్కరా! అప్ప అంటే అక్క! వాళ్ళ వైపు అక్కని అలా పిలుస్తారురా, చదువుకున్న మొద్దూ! తండ్రిని సరిగ్గా పోనాడనే అంది, విన్నావా? ఆడా మగా తేడా దానికి బాగానే తెలుసు. దాని తెలుగులో తప్పేమీ లేదు. బండి ఎక్కించింది తండ్రి శవాన్ని కాదు, జ్వరంతో ఉన్న అక్కని. ఆ పిల్ల వస్తుందని ఇది గుమ్మంలో కూర్చుంటే, నీ అక్క చచ్చిపోయిందని ఈ నోటితో నేను చెప్పాను! రెండుసార్లు చెప్పాను!

దాన్ని గుండెలకి హత్తుకుని, "తప్పు చెప్పానే అమ్మా, నాకు తెలియక చెప్పాను" అని ఏడ్చాను. అదే నా కళ్ళు తుడిచింది. తరవాత పప్పన్నం తిన్నది. రెండోసారి కూడా పెట్టించుకుంది. మీ బావ కొట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చి వచ్చాడు, ఉల్లిపాయలు సర్దానని చెబుతున్నాడు.

దాని అక్క పేరు సింహాద్రమ్మట. బతికి ఉండాలని అన్ని దేవుళ్ళకీ మొక్కాను. మొక్కాక నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ పిల్ల దొరికితే, ఇది దాని వెంట వెళ్ళిపోతుంది కదూ? అయినా వెతుకు. ముందు వెతుకు.

అక్క


లాల్మతీ,
1919 అక్టోబరు

అక్కా,

బతికే ఉంది!

ముందు నా గతి విను. నీ ఉత్తరం వసంతికి చదివి వినిపించాను. అంతా విని నడుం మీద చెయ్యేసుకుంది. "మా అమ్మమ్మది విజయనగరం వైపే కదా. నేను మా అక్కని అప్పా అంటుంటే, పెళ్ళయిన కొత్తలో మీరే నవ్వి మానిపించారు. మరిచిపోయారా?" అంది. నిజమే, మరిచిపోయాను. నీ ఉత్తరాలు మొదటి నుంచీ చదివి వినిపించి ఉంటే ఆ పిల్ల ఇన్ని పస్తులు ఉండేది కాదు. అప్పటి నుంచి ఇంట్లో నా పేరు మహద్వాచకం. కూరలో ఉప్పు తగ్గిందంటే, "తగ్గింది అనాలా, తగ్గాడు అనాలా?" అని అడుగుతోంది. ఉప్పు నేనే లేచి వేసుకుంటున్నాను.

సాంత్ర్ ద ఫ్లాక్ ఆస్పత్రిలో అడిగాను. జ్వరం తగ్గాక ఆ పిల్లని తీసుకుపోయేవాళ్ళు ఎవరూ రాలేదట. అక్కడ బట్టలుతికే మిషెలిన్ అనే క్రెయోల్ ఆవిడ, జ్వరంలో పగలంతా పక్కన కూర్చుని నీళ్ళు పట్టింది, ఆఖరికి తనే ఇంటికి తీసుకుపోయింది. ఇంకో సంగతి విను. సింహాద్రమ్మ కాళ్ళలో సత్తువ రాగానే కాంపుకి వెళ్ళిందట. ఎవరో గుడివాళ్ళు చెల్లిని తీసుకుపోయారన్నారు గానీ ఏ గుడో ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి సంత జరిగిన ప్రతి రోజూ ఫ్లాక్ బజారులో నిలబడి, తెలుగు మాట్లాడేవాళ్ళు కనిపిస్తే చాలు, మా సెల్లిని సూసినారా అని అడుగుతోందట. నేను ఆ సంతలోనే కూరగాయలు కొంటాను అక్కా. నా పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో తలుచుకుంటే తల తిరిగిపోతోంది.

పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల. బక్కపలచగా ఉంది. మీ చెల్లి మా అక్క దగ్గర ఉందనగానే ఏడుస్తుందనుకున్నాను. "తింతందా?" అని అడిగింది. తింటోందన్నాను. అప్పుడు ఏడ్చింది. మిషెలిన్ కూడా ఏడ్చింది. నా సంగతి చెప్పను.

కమిటీలో పెద్ద గొడవే అయింది. తెలుగు పిల్ల కిరస్తానీ ఇంట్లో ఉండటమేమిటి, ఇద్దర్నీ తీసి ఇంకో ఇంట్లో పెట్టాలని నాగయ్యగారు పట్టుబట్టారు. నేనెప్పుడూ ఆయనకి ఎదురు చెప్పలేదు, ఈసారి చెప్పాను. "మనం కాంపుకి వెళ్ళి ఒక పిల్లని తెచ్చుకుని మురిసిపోయాం. రెండోదాన్ని మనం మరిచిపోతే ఆవిడ తెచ్చుకుని బతికించింది. ఆవిడకి దణ్ణం పెట్టాల్సిన చోట కూర్చుని తీర్పులు చెబుతున్నాం" అన్నాను. ఆఖరికి ఆయనే, "మనకంటే ఆ పిల్లే నయం, సంతలో నిలబడి వెతికింది. ఆ పెద్దపిల్ల ఏమంటే అదే చేద్దాం" అన్నారు. ఆయన నోటి నుంచి అంత మాట వస్తుందనుకోలేదు.

కాబట్టి అక్కా, ఇంక నా చేతుల్లో ఏమీ లేదు. చెల్లిని తన దగ్గరికి తీసుకుపోతానంటే ఇద్దర్నీ పెంచడానికి మిషెలిన్ సిద్ధంగా ఉంది. నేను సింహాద్రమ్మతో నీ గురించి మంచి చెప్పబోయాను. "మీరు సెప్పకండి. నాను వచ్చి సూత్తాను" అంది. వచ్చే ఆదివారం మిషెలిన్‌తో కలిసి పొద్దున రైలుకి వస్తుంది, సాయంత్రం రైలుకి తిరిగి వెళుతుంది. బావని పూద్ర్ దోర్ స్టేషన్‌కి బండి కట్టుకుని వెళ్ళమను.

తమ్ముడు


గుడ్‌ల్యాండ్స్,
1919 అక్టోబరు

తమ్ముడూ,

రమ్మను. పైడమ్మకి చెప్పాను, వీధంతా చాటింపేసి వచ్చింది. మూడు పూటలా తింటోంది, మీ బావ వీపెక్కి సవారీ చేస్తోంది. ఈ ముచ్చటైనా చూపించినందుకు నీకూ, ఆ మిషెలిన్‌కీ రుణపడి ఉంటాను. దాని బట్టలు మూట కట్టి పెట్టాను. అడిగాక వెతుక్కుంటూ ఏడవడం కంటే ముందే కట్టి ఉంచడం నయం కదా. మూట కనిపించకుండా బియ్యం బస్తా వెనక పెట్టాను, అటు వెళ్ళినప్పుడల్లా కాళ్ళు ఆగిపోతున్నాయి.

అక్క


గుడ్‌ల్యాండ్స్,
1919 అక్టోబరు

చిరంజీవి కృష్ణస్వామికి, వసంతికి,

వచ్చారు. బండి ఇంకా ఆగనే లేదు, పైడమ్మ ఎదురు పరిగెత్తింది. సింహాద్రమ్మ కదిలే బండిలోంచే దూకేసి, అంత బక్క పిల్లా దీన్ని సంకనేసుకుంది. ఇద్దరూ ఏడవలేదు. చాలాసేపు అలాగే రోడ్డు మధ్యలో నిలబడ్డారు. వెనక చెరకు బండ్లు ఆగిపోయాయి. ఒక్కడు కూడా అదిలించలేదురా.

ఆ తరవాత మొదలైంది తనిఖీ. మీ నాగయ్యగారు దీని ముందు ఎందుకూ పనికిరారు. "ఎక్కడ పడుకుంతాది?" అంది. చూపించాను. ఆ చాప మీద తనే పడుకుని, అటూ ఇటూ దొర్లి, గాలి వస్తోందో లేదో చూసింది. పప్పు రుచి చూసింది. నీళ్ళకుండ మూత ఎత్తి చూసింది. చెల్లి జుట్టు పాయలు తీసి పేలున్నాయేమో వెతికింది. మీ బావ వైపు తిరిగి, "తాగుతారా?" అని అడిగింది.

"కొట్లో అమ్ముతానమ్మా, తాగను" అన్నాడు. అది అలా చూస్తూనే ఉంది. "పండక్కి కొంచెం" అన్నాడు. ఇంకా చూస్తోంది. "మానేస్తాను" అన్నాడు! పెళ్ళయిన నాటి నుంచీ నేను చెబితే వినని మనిషి!

"కొడతారా?" అని చెల్లినే అడిగింది. పైడమ్మ బాగా ఆలోచించి, "కొట్టరు. బెల్లం డబ్బా ముట్టుకోనివ్వరు" అని నా మీద చాడీ చెప్పింది. మిషెలిన్ అరుగు మీద కూర్చుని, నేను పెట్టిన గాతో పిమాఁలు తింటూ, నా వంక చూసి కన్ను గీటింది. అవి మీ వసంతి వేసే మిరపకాయల వడలంత బాగా రాలేదు, అయినా మెచ్చుకుంది. ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. నాకొచ్చిన క్రెయోల్‌కి అంతకంటే చేతకాలేదు.

అన్నాలయ్యాక సింహాద్రమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నేనే లేచి వెళ్ళి మూట తెచ్చి ముందు పెట్టాను. "తీసుకెళ్ళమ్మా, నీ చెల్లి" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

మూట పక్కకి నెట్టేసింది. "నాను మిషెలిన్ కాడ ఉంతాను. ఆయమ్మకి ఎవురూ నేరు. నాను సావబోతే నన్నొగ్గనేదు, నానెలాగ ఒగ్గెత్తాను? నెలకోపాలి వచ్చి సూసుకుంతాను. సెల్లి మీ కాడ ఉంతాది" అంది. తరవాత గొంతు తగ్గించి, "మాయమ్మ పోతా పోతా, దీన్ని మంచోళ్ళ సేతిలో పెట్టే అని సెప్పినాది. నాను పెట్టనేకపోనాను, జొరంలో పడిపోనాను" అంది. పైడమ్మ చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు పెడతన్నాను" అంది.

మీ కమిటీ పిల్లని నా ఇంటికి పంపింది, కాదనను. ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు. కానీ ఇచ్చింది మాత్రం ఆ పిల్లే. నాగయ్యగారితో ఈ మాట చెప్పు, ఏమీ అనుకోరులే.

ఇంక బయల్దేరే వేళయింది. మీ బావ ఎడ్లని కట్టాడు. మిషెలిన్ తలగుడ్డ సర్దుకుంది. సింహాద్రమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. పొద్దుటి నుంచీ అంత పెద్దరికంగా తిరిగిన పిల్ల, నా వంక చూడకుండా కాలి బొటనవేలితో నేల గీస్తోంది.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"దీనికి జడ బాగా ఏసినారు" అంది. ఇంకా నేల వైపే చూస్తోంది. "నాకూ ఏత్తారా?"

కూర్చోబెట్టాను. నూనె రాశాను. చిక్కులు పడి, చింపిరై, తల్లి పోయిన నాటి నుంచీ ఎవరూ పాయ తియ్యని జుట్టురా అది. నొప్పి పుడుతుందని ఒక్కొక్క చిక్కే విప్పాను. నా మోకాళ్ళ మీద తల ఆనించి, అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా. నాకూ అని పైడమ్మ తన జడ విప్పుకుని వచ్చి పక్కన కూర్చుంది. బండి దగ్గర మీ బావ రెండుసార్లు కేకేసి మానుకున్నాడు. "త్రేఁ పూ ఆలే!" అని మిషెలిన్ ఒకసారి రైలు వేళయిందని హెచ్చరించి, మా ముగ్గుర్నీ చూసి, మళ్ళీ అరుగు మీద కూర్చుండిపోయింది.

ఇద్దరికీ జడలు వేసేసరికి రైలు వెళ్ళిపోయింది.

మీ అక్క,
రత్నమ్మ